చిన్న లీవరు ఎవరు ముట్టుకున్నారు

బిగ్‌హార్న్ కొండలు, వయోమింగ్
జూలై 9, 1997

ప్రియమైన ఓపల్ వదినకి,

ప్రభువు నామంలో వందనాలతో ఆర్డిస్ రాసేది. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో క్రిస్మస్ కార్డు మీద నాలుగు ముక్కలు తప్ప మీకు ఉత్తరమంటూ రాయలేదు. ప్రతి ఆదివారం మీ తమ్ముడే ఫోనులో అన్నీ చెబుతారు కదా, నేను కొత్తగా చెప్పేదేముందని ఊరుకునేదాన్ని. ఇప్పుడు కలం పట్టడానికి కారణం ఆ ఫోనే. ఈ కొండ మీద ఉన్నది ఒక్కటే ఫోను, పద్దెనిమిది మైళ్ళ అవతల కొట్టు అరుగు మీద. నేను మాట్లాడుతుంటే ఆయన నా భుజం పక్కనే నిలబడతారు. ఆయన వినకూడని మాట ఒకటి మీతో చెప్పాలి.

మేం వేసవంతా చూసుకునే ఈ విడిది క్యాంపు సెప్టెంబరు ముప్పైన మూసేస్తారు. ఎప్పటిలాగే మా కాపురమంతా ఉన్న ఇంటిబండి వెనక జీపు కట్టుకుని, కనుమ దిగి, అరిజోనా పోదామని ఆయన అనుకుంటున్నారు. ఆయన్ని బండి ఎక్కనివ్వకండి వదినా. ఆయన నా మాట వినరు. చిన్నప్పటి నుంచి పెంచినదాన్ని, నా మాటే వింటాడని మీరే ఎన్నోసార్లు నవ్వుతూ అన్నారు కదా. ఈ చలికాలం కింద లోయలో ఒక్కచోట ఉండమని చెప్పండి. మీకు తోచినట్టు చెప్పండి.

ఆయన ధ్యాస ఒక్కచోట నిలవడం లేదు. పోయిన నెల సరుకుల కోసం జీపులో వెళ్తుంటే, కలప లారీ ఎదురొస్తోంది, ఆయన దాని దారిలోకి, ఎడమ పక్కకి పోయారు. లారీ అతను హారను కొట్టుకుంటూ పక్కకి తప్పించాడు. "తాగి నడుపుతున్నాడు వెధవ" అన్నారు మీ తమ్ముడు. నేను ఒడిలో చేతులు పట్టుకుని కూర్చున్నాను. ఆ కనుమ మీకు తెలుసు. ఆ మలుపుల్లో పన్నెండు టన్నుల బండి, దాని వెనక జీపు.

మిగతా అంతా దేవుని కృప. పొద్దున్నే మరుగుదొడ్లు కడిగి, కట్టెలు అమ్మి, వచ్చినవాళ్ళకి చోటు చూపిస్తున్నాం. మొన్న మూస్ దుప్పి ఒకటి పిల్లతో వచ్చి బట్టలు ఆరేసిన తాడు తెంచుకుని, మీ తమ్ముడి బనియను మెడకి తగిలించుకుని అడవిలోకి పోయింది. ఆయన పది గజాలు పరిగెత్తి తిరిగొచ్చి, "నాకన్నా దానికే బాగా అతికింది ఆర్డీ" అన్నారు. అలాంటప్పుడు ఆయనకేమీ లేదనిపిస్తుంది.

జవాబు అడవి రేంజరు ట్రూడీ పేరు మీద పంపండి. మంగళవారం, శుక్రవారం ఉత్తరాలు తెచ్చేది ఆమే. నా చేతికే ఇస్తుంది.

మీ ప్రార్థనల్లో మమ్మల్ని జ్ఞాపకం చేసుకోండి.
మీ మరదలు
ఆర్డిస్


బ్రోకెన్ బో, నెబ్రాస్కా
జూలై 21

ఆర్డిస్‌కి,

ఓపల్ దీవెనలు. బీట్‌రూట్లు ఊరవేస్తూ మధ్యలో రాస్తున్నాను. కాగితం మీద ఎర్రమరకలు చూసి కంగారు పడకు, నేనెవరినీ చంపలేదు, ఇంకా.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అమ్మాయ్, నువ్వు భయపడుతున్నావని అర్థమైంది. దేనికి భయపడుతున్నావో కూడా నాకు తెలుసు. తమ్ముడు వెండెల్ మే నెలలోనే ఫోనులో చెప్పాడు. జీపు కట్టేటప్పుడు నువ్వు చిన్న లీవరు తప్పు పెట్టావనీ, దారిలో ఇంజను ముక్కలైందనీ, గ్యారేజీలో నువ్వే ఒప్పుకున్నావనీ. వాడు నిన్ను ఒక్క మాటైనా అనలేదు. "పాపం దానికి ఈమధ్య మతిమరుపు అక్కా, ఎవరితోనూ అనకు" అన్నాడు. అలాంటి మొగుడి మీద ధ్యాస లేదని రాస్తావా? నీ తప్పు తలచుకుని బెదిరిపోయి, ప్రతిదానికీ ఉలిక్కిపడుతున్నావు. లారీవాళ్ళు అందరికీ హారను కొడతారు. నా పికప్ ట్రక్కుకి రోజూ కొడతారు, నేనేమైనా ఇంట్లో కూర్చున్నానా?

ఆదివారం వాడితో మాట్లాడాను. నువ్వు అడిగినట్టు కాదు, నాకు తోచినట్టే. "ఇకమీదట జీపు కట్టేటప్పుడు దాన్ని దగ్గరికి రానీకు. అది వరుసగా చదివే ఆ అట్టముక్క నీ దగ్గరే పెట్టుకో, అన్నీ నువ్వే చూసుకో" అన్నాను. "అదీ బాగానే ఉంది అక్కా, అది ముందు సీట్లో దర్జాగా కూర్చుంటుంది" అని నవ్వాడు. చూశావా, నీకు బరువు తగ్గింది.

ట్రూడీ పేరు మీద పంపుతున్నాను, కానీ ఈ చాటుమాటు వ్యవహారాలు నాకు నచ్చవు. తుంటి నొప్పి అలాగే ఉంది. చర్చి విందుకి ఈసారి రెండొందల మంది.

ఓపల్


బిగ్‌హార్న్ కొండలు
ఆగస్టు 3

ప్రియమైన వదినకి,

మీ ఉత్తరం చదివి ఆ పూటంతా కట్టెల కొట్టం వెనక కూర్చున్నాను. తప్పు మీది కాదు. నేను చెప్పిన అబద్ధమే తిరిగి తిరిగి నా దగ్గరికి వచ్చింది. ఇప్పుడు దేవుని ఎదుట ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

జీపు కట్టేటప్పుడు నేను అట్ట మీద రాసినవి ఒక్కొక్కటే పైకి చదువుతాను. ఆయన చేసి "అయింది" అంటారు. లాగుడు కడ్డీ మేకులు. గొలుసులు. దీపాల తీగ. తాళంచెవి ఒక మెట్టు తిప్పడం. చేతిబ్రేకు వదలడం. గేరు తొడగడం. గేరు కర్ర పక్కనుండే చిన్న లీవరు న్యూట్రల్‌లో పెట్టడం. ఆ చివరిదే ప్రాణం వదినా. అది న్యూట్రల్‌లో ఉంటే నాలుగు చక్రాలూ వాటి మానాన తిరుగుతాయి, ఇంజనుకి తెలియను కూడా తెలియదు. న్యూట్రల్ దాటి కిందికి జారిందా, జీపును లాగిన ప్రతి గజమూ ఇంజన్ని గిరగిరా తిప్పి చంపుతుంది.

ఆ రోజు నేను బయట నిలబడి "చిన్న లీవరు" అని చదివాను. ఆయన లోపల కూర్చుని "అయింది" అన్నారు. తర్వాత పది అడుగులు ముందుకు నడిపితే జీపు చక్రాలు సాఫీగా తిరుగుతున్నాయో లేదో నేను చూడాలి. వాన వస్తోందని ఆయన వద్దన్నారు. నేను ఊరుకున్నాను. నా తప్పు అంతవరకే.

పన్నెండు మైళ్ళు పోయాక వెనక వచ్చేవాళ్ళు దీపాలు వేసి ఆపారు. జీపు కింద నూనె కారుతోంది, లోపలి ఇనుప ముక్కలు దారంతా రాలాయి. గ్యారేజీలో మెకానిక్ చేతులు తుడుచుకుంటూ, "ఈ చిన్న లీవరు ఎవరు ముట్టుకున్నారండీ?" అని అడిగాడు. నేను మీ తమ్ముడి ముఖం చూశాను. ఆయనకి ఏమీ జ్ఞాపకం లేదు. తరగతిలో పాఠం రాని పిల్లాడి ముఖంలా ఉంది. నాలుగు గ్యారేజీల్లో ఫోర్‌మన్‌గా చేసిన మనిషి, ఆ మెకానిక్ ముందు అలా నిలబడడం నేను చూడలేకపోయాను. "నేనే" అన్నాను.

ఆయన నా వైపు తిరిగి చూశారు. ఆదుకున్నందుకు చూసిన చూపు కాదది. నిజంగా నమ్మిన చూపు. "పోనీలే ఆర్డీ, ఎవరికైనా జరుగుతుంది" అని నా భుజం తట్టారు. ఇంజను మార్పించుకుని కొండెక్కాం గాని, అప్పటి నుంచి నేనే చేశానని ఆయనకి ఖాయం అయిపోయింది.

పొరుగువాడి మీద అబద్ధ సాక్ష్యం పలకకూడదని చిన్నప్పుడే నేర్చుకున్నాను. నా మీద నేనే పలికితే అది లెక్కలోకి వస్తుందో రాదో నాకు తెలియదు. వచ్చిందనే అనుకుంటున్నాను, శిక్ష మొదలైంది కాబట్టి.

మీరు చెప్పిన రోజు నుంచి ఆయన అట్టముక్క చొక్కా జేబులో పెట్టుకుంటున్నారు. ఇప్పుడు పైకి చదివేవాళ్ళు లేరు. వదినా, ఆ మాట వెనక్కి తీసుకోండి. నన్ను మళ్ళీ ఆయన పక్కన నిలబడనివ్వమనండి. కనుమ దిగే లోపల ఏదైనా చేయండి.

కన్నీళ్ళతో
ఆర్డిస్


బ్రోకెన్ బో
ఆగస్టు 14

ఆర్డిస్‌కి,

ఈ ఉత్తరం రాయడం నాకు కష్టంగా ఉంది, అందుకే మొహమాటం లేకుండా రాసేస్తాను.

మా అమ్మ చివరి మూడేళ్ళు నా చేతుల్లో గడిచాయి. నువ్వు అప్పటికింకా మా ఇంటికి రాలేదు. పొయ్యి మీద గిన్నె మాడబెట్టి "ఓపల్ పెట్టింది" అనేది. పెరటి గేటు తెరిచి దూడలన్నిటినీ రోడ్డు మీదకి వదిలేసి "ఓపల్ వదిలింది" అనేది. ఎంత నిబ్బరంగా చెప్పేదంటే నాన్న నన్నే తిట్టేవాడు. ఏ వేళకి, ఏ చొక్కా వేసుకుని నేను గేటు తెరిచానో కూడా చెప్పేది. నీ ఉత్తరం అచ్చం అలాగే ఉంది. వాన వస్తోందట, మెకానిక్ చేతులు తుడుచుకున్నాడట.

ఒక్కటి ఆలోచించు. మేలో నువ్వే చేశానన్నావు. ఆగస్టులో నేను కాదంటున్నావు. రెండిట్లో ఒకటి అబద్ధమని నువ్వే రాశావు. నేను మొదటిదే నమ్ముతాను. అప్పుడు ఒప్పుకున్నందుకు నీకు ఒరిగిందేమీ లేదు. ఇప్పుడైతే బండి మానేసి లోయలో కూర్చోవాలని నీకు కోరిక ఉంది. తిరుగుడు బతుకు నీకు మొదటి నుంచీ ఇష్టం లేదు. ఇల్లు అమ్మిన రోజు నువ్వు గుమ్మం పట్టుకుని ఏడవడం నేను మర్చిపోలేదు.

నీ మీద నాకు కోపం లేదు. నా తమ్ముణ్ణి మాత్రం ఆ గోతిలోకి తోయకు. ఆ జబ్బు పేరు చెబితే వాడు చిన్నప్పటి నుంచీ వణుకుతాడు. వాడితో ఆ మాట అన్నావని తెలిస్తే నేను క్షమించను.

డాక్టరుకి చూపించుకో. మందులు ఉన్నాయంటున్నారు.

ఓపల్


బిగ్‌హార్న్ కొండలు, పై క్యాంపు
ఆగస్టు 31

ప్రియమైన వదినకి,

తొందరలో రాస్తున్నాను, అక్షరాలు సరిగా లేకపోతే మన్నించండి.

వేటగాళ్ళ కాలం మొదలవుతోందని మమ్మల్ని పద్నాలుగు మైళ్ళు పైనున్న క్యాంపుకి మారమన్నారు. బుధవారం మారాం. మీరు చెప్పినట్టే ఆయన ఒక్కరే జీపు కట్టారు. నేను ముందు సీట్లో బెల్టు పెట్టుకుని చుట్టంలా కూర్చున్నాను. అద్దంలో ఆయన కనబడుతున్నారు. వంగుతున్నారు, లేస్తున్నారు, జేబులోంచి అట్ట తీసి చూస్తున్నారు, మళ్ళీ వంగుతున్నారు. ఒకే మేకు నాలుగుసార్లు తీసి పెట్టారు. దిగబోతే "కూర్చో ఆర్డీ, అక్క చెప్పింది" అన్నారు.

పైకి క్షేమంగానే వచ్చాం. అక్కడ నేల వాలుగా ఉంటుంది, ఏటి వైపుకి. ఆయన కడ్డీ విప్పారు. చిన్న లీవరు న్యూట్రల్‌లోనే ఉంది, చేతిబ్రేకు వేయలేదు. న్యూట్రల్‌లో ఉంటే గేరు తొడిగి ఉన్నా బండిని పట్టుకునేది ఏమీ ఉండదు వదినా. మెల్లిగా కదిలింది. చప్పుడు లేదు. నేను కిటికీలోంచి చూస్తుండగా మా పక్క నుంచి ఖాళీ జీపు వెళ్ళిపోయింది, ఎవరో నడుపుతున్నట్టే.

ఏటి ఒడ్డున ఒక గుడారం ఉంది. దాని మీద నుంచి పోయి స్ప్రూస్ చెట్టుకి కొట్టుకుని ఆగింది. ఆ గుడారంలోని భార్యాభర్తలు చేపలకి వెళ్ళారు. మడత కుర్చీలు, పొయ్యి, పరుపులు నలిగిపోయాయి. పరుపుల మీద చక్రం అచ్చు ఉంది. నేను మోకాళ్ళ మీద పడిపోయాను. కృతజ్ఞతతోనో భయంతోనో ఇప్పటికీ తెలియదు.

ట్రూడీ వచ్చింది. ఆమెని పక్కకి పిలిచి మీ తమ్ముడు మెల్లిగా అన్నారు. "మా ఆవిడకి ఈమధ్య బాగోలేదమ్మా. ఆ లీవరు తను ముట్టుకునే ఉంటుంది. నేను కాస్త ఏమరుపాటుగా ఉన్నాను, తప్పు నాదే." ఆ గొంతులో ఒక్క రవ్వ అబద్ధం లేదు. కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి. ట్రూడీ నా దగ్గరికొచ్చి, చెవిటిదానితో మాట్లాడినట్టు గట్టిగా, ఒక్కొక్క మాటే విడదీసి, "మీరు ఇక బండ్ల దగ్గరికి వెళ్ళకూడదు. సరేనా? వెళ్ళకూడదు" అంది. ఇన్నాళ్ళూ నాతో చోక్‌చెర్రీ పళ్ళ జెల్లీ గురించి కబుర్లాడిన మనిషి. ఆ గుడారం ఆవిడ సాయంత్రం నా కోసం సూపు తెచ్చింది. "మా పిన్నికి కూడా ఇలాగే" అంటూ నా జుట్టు సవరించింది. నేను గిన్నె అందుకుని తాగాను. ఆవిడతో ఏమనాలి? నేను కాదని అంటే, అదే జబ్బని మీరే రాశారు కదా.

ఇంక ముప్పై రోజులు ఉన్నాయి. ఆయన కనుమ దిగుతారు. నేను ముందు సీట్లో ఉంటాను, నాకు దాని గురించి భయం లేదు. ఎదురొచ్చే కార్లలో పిల్లలు ఉంటారు వదినా. నన్ను నమ్మకపోతే నమ్మకండి. పిచ్చిదాన్నే అనుకోండి. ఒక్కసారి వచ్చి మీ కళ్ళతో చూడండి. ఇంతకన్నా ఏం రాయాలో నాకు తెలియడం లేదు.

ఆర్డిస్


బ్రోకెన్ బో
సెప్టెంబరు 9

ఆర్డిస్‌కి,

వస్తున్నాను. ఇరవై నాలుగున బస్సు దిగుతాను, ట్రూడీని పంపమను. నీ కోసం కింద ఊళ్ళో డాక్టరు దగ్గర ఇరవై ఆరు శుక్రవారానికి చెప్పించాను. మారాం చేయకుండా వెళ్ళాలి.

జీపు సంగతి వెండెల్‌తో మాట్లాడాను. కనుమ దిగేటప్పుడు వెనక కట్టొద్దు, నేను నడుపుకుంటూ వస్తాను, నువ్వు నా పక్కన కూర్చుంటావు. వాడు ముందు ఇంటిబండి తీసుకుపోతాడు. "నా వెనక వచ్చేవాటిలో ఆ జీపే బుద్ధిమంతురాలు, నువ్వు దానికి లేనిపోనివి నేర్పకు అక్కా" అన్నాడు. అలా హాస్యమాడే మనిషికి మతిమరుపని నువ్వు రాస్తున్నావు.

ఇంత దూరం ఈ తుంటితో బస్సులో రావడం నీ కోసమే. అది గుర్తుపెట్టుకో.

ఓపల్


బ్రోకెన్ బో
అక్టోబరు 12

ఆర్డిస్,

జీపుతో ఇంటికి చేరి పది రోజులైంది. రోజూ కాగితం ముందు పెట్టుకుంటున్నాను, రోజూ లేచిపోతున్నాను.

నువ్వు ట్రూడీతో డాక్టరు దగ్గరికి వెళ్ళిన శుక్రవారం నాటి సంగతి నీకు చెప్పలేదు. అప్పుడు చెప్పే ధైర్యం లేకపోయింది. పొద్దున ఏడింటికి మీరు వెళ్ళారు. మధ్యాహ్నం భోజనమయ్యాక వెండెల్ "రా అక్కా, జీపు ఎలా కడతానో చూపిస్తాను, నీ బెంగ తీరిపోతుంది" అన్నాడు. కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అన్నీ పైకి చెప్పుకుంటూ చక్కగా కట్టాడు. చిన్న లీవరు న్యూట్రల్ అన్నాడు, పెట్టాడు. నాకు గర్వంగా అనిపించింది. చూడవే ఆర్డిస్ అనుకున్నాను మనసులో. తర్వాత విప్పి, తాళంచెవి నా చేతిలో పెట్టి "ఇక నీదే, ఒక చుట్టు తిప్పి రా" అన్నాడు.

ఎక్కి గేరు వేశాను. ఇంజను అరిచింది, జీపు కదల్లేదు. మళ్ళీ వేశాను, మళ్ళీ అరుపే. కిందికి చూస్తే చిన్న లీవరు ఇంకా న్యూట్రల్‌లోనే ఉంది, చేతిబ్రేకు వేసి లేదు. నేల చదును కాబట్టి నిలిచి ఉంది. "వెండెల్, ఇది న్యూట్రల్‌లో ఉందిరా" అన్నాను.

వాడు వంగి చూసి తల ఊపాడు. "ఆర్డీ మళ్ళీ ముట్టుకుంది."

"ఎప్పుడు?"

"ఇప్పుడేగా. చూశావుగా నువ్వు. ముట్టుకుని అటు పోయింది, చెట్ల వైపు." చేయి చాపి చూపించాడు. అటు ఎవరూ లేరు. నువ్వు అరవై మైళ్ళ దూరంలో ఉన్నావు. వాడు నవ్వుతూ, "నువ్వు దాన్నేమీ అనకు అక్కా, బాధపడుతుంది" అన్నాడు.

నేను ఏటి దాకా నడిచి వెళ్ళి ఒక రాయి మీద కూర్చున్నాను. అమ్మ మాడబెట్టిన గిన్నెలన్నీ కళ్ళ ముందు తిరిగాయి. అమ్మని మూడేళ్ళు చూసినదాన్ని, అదే జబ్బుని నా తమ్ముడిలో పోల్చుకోలేకపోయాను. కనిపించినా చూడదలచుకోలేదేమో. ఆ జబ్బు నీ మీద పడితే నాకు బెంగ తక్కువ. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా నిజం.

సాయంత్రం నువ్వు వచ్చాక వాడికి చెప్పేద్దామని నిలబడ్డాను. ఈలోగా నువ్వే మెట్ల మీద ఆగి, "డాక్టరు నన్ను ఇక రోడ్డు మీద తిరగొద్దన్నాడు. ఏ బండీ ఎక్కకూడదట. ఒక్కచోట ఉండాలట" అన్నావు. వాడు పిల్లాడిలా ఏడ్చాడు. జేబులోంచి తాళాల గుత్తి తీసి నా చేతిలో పెట్టి, "ఇవి నాకెందుకు అక్కా ఇక, దాన్ని చూసుకోవాలి" అన్నాడు. ట్రూడీ ఎవరో రిటైరైన లారీ డ్రైవరుని పిలిచి బండి లోయలోకి దింపించింది. నేను నోరు మూసుకుని జీపు తోలుకొచ్చేశాను.

ఇప్పుడు చెప్పు. డాక్టరు నిజంగా ఏమన్నాడు? నీకు కూడా ఉందా? ఇద్దరికీ ఉంటే నేనొక్కదాన్ని, డెబ్బై ఏళ్ళ దాన్ని, ఏం చేయను? నీకు లేకపోతే, నేను వాడికి రాసేస్తాను. ఉన్నదున్నట్టు రాసేస్తాను. నీ మీద పడిన మచ్చ తుడిచేస్తాను. అందులో నా చేయి కూడా ఉంది.

క్షమించమని అడగడం నాకు ఎప్పుడూ చేతకాలేదు. చలి ముదరకముందే నేను కుట్టిన బొంత పంపుతున్నాను.

ఓపల్


గ్రేబుల్, వయోమింగ్
అక్టోబరు 26

ప్రియమైన వదినకి,

వందనాలు. బొంత అందింది. ఆయన దాన్ని నా మీదే కప్పుతున్నారు, తన మీదకి లాక్కోవడం లేదు.

డాక్టరు నా చేత గడియారం బొమ్మ వేయించారు, వంద నుంచి వెనక్కి లెక్కపెట్టించారు, ఏవేవో మాటలు చెప్పి మళ్ళీ అడిగారు. "మీకు ఏ జబ్బూ లేదమ్మా, నిద్ర లేదు, అంతే. ఎందుకు లేదు?" అన్నారు. అన్నీ చెప్పాను. నన్ను నమ్మిన మొదటి మనిషి ఆయనే. మీ తమ్ముణ్ణి తీసుకురమ్మన్నారు, ఈలోగా బండి స్టీరింగు ముట్టుకోనివ్వద్దన్నారు. ఆ మాటే కాగితం మీద రాసిచ్చారు.

ఆ కాగితం చేత్తో పట్టుకుని ట్రూడీ పక్కన కూర్చుని కొండ ఎక్కాను. మీ తమ్ముడికి ఇది చూపిస్తే ఏమవుతుందా అని దారంతా ఆలోచించాను. ఇంతవరకు మీకు రాయని మాట ఒకటుంది. మా పెళ్ళయిన కొత్తలో, మీ అమ్మగారి సమాధి దగ్గర, ఆయన నాతో అన్నారు. "నాకు ఇది వస్తే, వచ్చిందని తెలిసిన రోజే, ఏ కొండ మీద నుంచో బండి తోలేస్తాను ఆర్డీ. అమ్మలా బతకను." అప్పుడు ఆయన వేళాకోళమాడలేదు. మేం ఉన్నది కొండ మీద. తాళాలు ఆయన జేబులో ఉన్నాయి.

గ్యారేజీలో "నేనే" అన్నప్పుడు కూడా నా నోటిని నడిపించింది ఆ మాటే అనుకుంటాను. ఆయన్ని ఆపే దారి నాకు ఒక్కటే కనిపించింది. తన కోసం ఆయన తాళాలు వదలరు. నాకు జబ్బంటే వదులుతారు. కాగితం మడిచి లోపలి జేబులో పెట్టుకుని, మెట్ల మీద ఆగి, మీరు విన్న మాట అన్నాను. అంతకుముందు చెప్పిన అబద్ధం జాలితో జారిపోయింది. ఇది మాత్రం ప్రార్థన చేసుకుని, ఆలోచించుకుని చెప్పాను. రెండోదే పెద్ద పాపం.

ఇప్పుడు మేం ఇంటిబండి చక్రాల కింద దిమ్మలు పెట్టి, లోయలో ఒక్కచోటే ఉన్నాం. చర్చికీ, సరుకులకీ నడిచే వెళ్తాం. రోడ్డు దాటేటప్పుడు ఆయన నా మోచేయి పట్టుకుంటారు. పొద్దున ఓట్స్ జావ ఆయనే ఉడికిస్తారు. అరల మీద నా కోసమని పెద్ద అక్షరాలతో చీటీలు అంటించారు: చెంచాలు, మందులు, గ్యాసు ఇటు తిప్పితే ఆరుతుంది. నేను చూడడం లేదనుకున్నప్పుడు ఆయనే వాటిని చదువుకుని అర తెరుస్తారు. మంచి రోజుల్లో, "మన ఇద్దరిలో ఒకరికైనా బుర్ర ఉంది, నీ అదృష్టం" అంటారు. నేను నవ్వుతాను. డాక్టరు దగ్గరికి రెండు వారాలకోసారి నాకు తోడుగా వస్తారు. డాక్టరు ఆయనతోనే ఎక్కువసేపు మాట్లాడతారు, ఆయనకి అనుమానం రాలేదు.

పోయిన ఆదివారం పాస్టరుగారు నన్ను ముందుకి పిలిచి మోకరించమన్నారు. సంఘమంతా లేచి నిలబడి నా స్వస్థత కోసం ప్రార్థన చేసింది. మీ తమ్ముడు నా తల మీద రెండు చేతులూ పెట్టి వెక్కి వెక్కి ఏడ్చారు. "ప్రభువా, దీన్ని నాకు తిరిగి ఇవ్వు" అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. ఆ చేతుల కింద నేను ఏం అడిగానంటే, ఆయన కన్నా ఒక్క రోజైనా ఎక్కువ నన్ను బతకనివ్వమని. అంతకు మించి ఏమీ అడిగే మొహం లేదు.

వదినా, మీరు ఆయనకి ఏమీ రాయకండి. నా మీద మచ్చ తుడవకండి. అది తుడిస్తే అడుగున ఏముందో ఆయన చదువుతారు. నన్ను ఇలాగే ఉండనివ్వండి. నాకు భయమున్నది ఒక్కదానికే. నేను ముందు పోతే, జబ్బు మనిషి పోయింది, పాపం వెండెల్‌కి భారం తీరిందని అందరూ అనుకుంటారు. ఎవరో ఒకరు ఆయనకి తాళాలు ఇస్తారు. ఈ ఊళ్ళో నిజం తెలిసింది డాక్టరుకి ఒక్కరికే, ఆయన వచ్చే ఏడు బదిలీ అయిపోతున్నారట. అందుకే ఆయన రాసిచ్చిన కాగితం కూడా దీంతో పెట్టి పంపుతున్నాను. ఇక్కడ ఏ అరలో దాచినా మీ తమ్ముడు నా కోసం చీటీ అంటించడానికి తెరుస్తారు.

ఈ నెల నుంచి నా పరిస్థితి ఎలా ఉందో మీకు తనే ఉత్తరం రాస్తానంటున్నారు. నేను ఫలానాది మర్చిపోయానని, ఫలానాది పాడుచేశానని రాస్తారు. అన్నీ నమ్మినట్టే జవాబు రాయండి. దాన్ని ఓపిగ్గా చూసుకోరా అని రాయండి, ఆ మాటకి ఆయన సంతోషిస్తారు. నావి మాత్రం, ఇదీ, దీనికి ముందువీ, డాక్టరుగారి కాగితంతో కలిపి కట్టి పెట్టండి. నేను పోయానని కబురు వచ్చేదాకా విప్పకండి, ఎవరికీ చూపకండి.

మీ ఆర్డిస్